నిద్రలేని మోకాలు

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని తెలుగువారి సామెత. పొలము గట్టున, పడవ అంచున, రైలుబండిలో మూటల నడుమ ఆదమరచి నిద్రించువారిని చూచి పుట్టిన మాట అది. శ్రమించిన దేహమునకు పరుపుతో పనిలేదని దాని భావము. ఈ సామెతకు ఎదురు సంగతి ఒకటి కలదు. దానిని మన పూర్వులు సామెతగా కట్టలేదు. సుఖము అమరినను నిద్ర ఎరుగని దేహము కూడ ఉండును. మెత్తని పరుపు, చల్లని గాలి, అడుగు చప్పుడు కాకుండ నడచు ఇంటివారు, వేళకు అందించు మాత్రలు, ఇవి అన్నియు ఉండగా కన్ను మూతపడదు. మోకాలి కీలు మార్పించుకొనినవారిలో చాలమంది అట్టి దేహమును కొన్ని వారములపాటు మోయుదురు. శస్త్రచికిత్సకు ముందు వారికి ఎన్నియో సంగతులు చెప్పుదురు. ఈ ఒక్క సంగతి చెప్పుట తరచుగా మరచిపోవుదురు.

మోకాలి కీలు మార్చుట అనగా మోకాలినంతయు తీసివేసి మరియొకటి అమర్చుట కాదు. అరిగిపోయిన తొడ ఎముక చివరను, క్రింది కాలి ఎముక తలను పలుచగా కోసి, వానిపై లోహపు తొడుగులు బిగించి, రెంటి నడుమ గట్టి ప్లాస్టిక్ పలకను ఉంచుదురు. 1890లో బెర్లిను నగరమున థెమిస్టోక్లీస్ గ్లూక్ అను వైద్యుడు దంతముతో చేసిన కీలును మోకాలియందు అమర్చి చూచెను. చీము పట్టుటచేత ఆ ప్రయత్నము నిలువలేదు. 1968లో ఇంగ్లండునందు ఫ్రాంక్ గన్‌స్టన్ లోహమును, ప్లాస్టిక్కును జోడించి కొత్త మార్గము త్రొక్కెను. 1974లో న్యూయార్కు నగరమున జాన్ ఇన్సాల్, ఆయన సహచరులు రూపొందించిన కీలు నేటి కీళ్లకు మూలరూపము. 2019లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశీలన ప్రకారము ఇట్టి కీళ్లలో నూటికి సుమారు 82 వరకు 25 సంవత్సరములు నిలుచుచున్నవి. మన దేశమున 2017 ఆగస్టులో ప్రభుత్వము ఈ కీళ్ల ధరకు హద్దు కట్టినది. సామాన్యముగా వాడు కోబాల్టు క్రోమియము కీలుకు పన్ను గాక 54,720 రూపాయలు నిర్ణయించినది. అందుచేత ఒకప్పుడు ధనవంతుల ఇండ్లలో మాత్రమే వినబడిన ఈ మాట ఇప్పుడు మత్స్యకారుల ఇండ్లలో కూడ వినబడుచున్నది.

బంగాళాఖాతపు తూర్పు అంచున ఉన్న అండమాన్ నికోబార్ దీవులలో అట్టి ఇండ్లు అనేకము తెలుగు మాటలాడును. 2011 జనాభా లెక్కలలో ఆ దీవుల జనసంఖ్య 3,80,581. వారిలో నూటికి 13 మందికి తెలుగు మాతృభాష. ప్రధానముగా ఉత్తరాంధ్ర తీరమునుండి వలలు, పడవలు నమ్ముకొని పోయినవారి సంతానము వారు. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయరులో, జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర, శ్రీకాకుళపు యాస నేటికిని గాలిలో తేలుచుండును. ఆ కుటుంబములలో పురుషుడు సముద్రముతో పోరాడును. స్త్రీ నేలతో పోరాడును. గంప నెత్తికెత్తుట, దించుట, కత్తిపీట ముందు గొంతుకూర్చుండి చేపలు కోయుట, నేలమీద పరచిన సరకు ముందు పూట పొడుగున కూర్చుండుట ఆమె పని. నలువది ఏండ్లు ఇట్లు వంగి లేచిన మోకాలిలో మృదులాస్థి అరిగి, ఎముక ఎముకను ఒరయుట మొదలిడిన పిమ్మట నూనెలు, పట్టీలు, మాత్రలు ఎంతకాలము కాపాడగలవు?

అట్టి ఇంటి పెద్దను ఒకరిని తలచుకొనిన చాలును. పేరుతో పనిలేదు. అరువది దాటిన వయస్సు. వేటకు పోవు కొడుకు, ఇల్లు దిద్దుకొను కోడలు, బడికి పోవు మనుమరాలు. దీవులకు గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి ప్రధాన వైద్యాలయము. 2015లో దానిని ఆధారము చేసికొని వైద్య కళాశాల కూడ వెలసినది. అయినను పెద్ద శస్త్రచికిత్సలకై సముద్రము దాటి చెన్నపట్టణమునకో, విశాఖపట్టణమునకో పోవుట దీవులవారికి చాలకాలముగా అలవాటు. విమానములో రెండు గంటలకు పైగా పట్టును. ఓడలో సుమారు మూడు దినములు. ఆమె కోడలిని తోడు తీసికొని చెన్నపట్టణము వెళ్లినది. కీలు చక్కగా కుదిరినది. మరునాడే వాకరు పట్టుకొని నాలుగడుగులు నడచినది. వైద్యులు సంతోషించిరి. రాత్రి మాత్రము ఆమెకు నిద్ర పట్టలేదు.

ఇందులో ఆశ్చర్యము లేదు. శస్త్రచికిత్స యనగా దేహము దృష్టిలో ఒక పెద్ద గాయము. ఆ గాయమును మాన్పుటకై రక్తములోనికి విడుదలయగు పదార్థములు, ఒత్తిడి వేళ ఊరెడి హార్మోనులు నిద్ర కట్టడమునే కదలించును. మనుష్యుని నిద్ర ఏకరూపమైనది కాదు. గాఢనిద్ర, స్వప్ననిద్ర అని అందులో మెట్లున్నవి. 2012లో డెన్మార్కు వైద్యులు తుంటి, మోకాలి కీళ్లు మార్పించుకొనినవారి నిద్రను యంత్రములతో కొలిచి, శస్త్రచికిత్స జరిగిన మొదటి రాత్రి స్వప్ననిద్ర ఇంచుమించుగా మాయమగుచున్నదని ప్రకటించిరి. నొప్పిని అణచుటకు వాడు నల్లమందు జాతి ఔషధములు కూడ గాఢనిద్రను, స్వప్ననిద్రను తగ్గించును. అణగిన స్వప్ననిద్ర కొందరిలో తరువాతి రాత్రులయందు ఒక్కసారిగా తిరిగివచ్చును. అప్పుడు కలలు దట్టముగా, భయము గొలుపునవిగా ఉండవచ్చును. ఈ సంగతి ఎరుగనివారు తమకు మతి చలించుచున్నదని బెదరుదురు. ఎరిగినవారు గాయము తన పని తాను చేయుచున్నదని ఓర్చుకొందురు. తెలిసియుండుటయే ఇచ్చట సగము మందు.

ఆసుపత్రిలో నిద్ర రాకపోవుటకు ఆమె ఒక కారణము చూపగలిగినది: కొత్త చోటు, ఎప్పుడును ఆరని దీపము, నర్సుల రాకపోకలు. కాని కొన్ని వారములు చెన్నపట్టణములోనే అద్దె గదిలో గడిపి, వైద్యుడు ప్రయాణమునకు అనుమతించిన పిమ్మట దీవికి చేరి, తన ఇంట తన మంచముపై పండుకొనిన రాత్రి కూడ నిద్ర రాలేదు. అప్పుడు ఆమెకు మొదటిసారి భయము కలిగినది. వైద్యులు ఎరిగిన సంగతి ఏమనగా, మోకాలు మార్పించుకొనినవారికి నిద్రలేమి మొదటి ఆరు వారములలోనే మిక్కుటముగా ఉండును. మూడవ నెల నాటికి చాలమందిలో తగ్గును. ఇల్లు చేరుట ఆ గడువుకు ముగింపు కాదు. తరచుగా నడిమి భాగము. ఆసుపత్రిలో పదిమంది నడుమ దాగియున్న బాధ ఇంట ఒంటరిగా ఎదురుపడును.

దీవులలో రాత్రికి ఒక విశేషము కలదు. మన దేశమంతటికి ఒకే గడియారము. అది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును అనుసరించి నడచును. పోర్ట్ బ్లెయరు ఆ రేఖకు పది డిగ్రీలకు పైగా తూర్పున ఉన్నది. అందుచేత అచ్చటి సూర్యుడు గడియారము కంటె సుమారు 40 నిమిషములు ముందు నడచును. వేసవిలో తెల్లవారుజామున ఐదు గంటలకే పొద్దు పొడుచును. నవంబరు నెలలో సాయంకాలము ఐదు గంటలకు మునుపే అస్తమించును. 2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ఈశాన్య రాష్ట్రములకు, ఈ దీవులకు ఒక గంట ముందుండు వేరొక కాలమానము కావలెనని ప్రతిపాదించిరి. అది అమలు కాలేదు. ఆరోగ్యవంతులకు ఇది గడియారపు ముచ్చట. మంచము పట్టినవారికి ఇది రాత్రి పొడవు. ఐదున్నరకు చీకటి, ఏడింటికి భోజనము, ఎనిమిదింటికి వీధి సద్దుమణుగుట. అప్పటినుండి తెల్లవారుజాము ఐదువరకు తొమ్మిది గంటలు. ఆ తొమ్మిది గంటలలో ఆమె మూడు గంటలు నిద్రించినచో అది మంచి రాత్రి.

రాత్రి పండుకొనుటయే ఒక సమస్య. ఆమె జన్మమంతయు ప్రక్కకు ఒదిగి, మోకాళ్లు ముడిచి నిద్రించినది. ఇప్పుడు వెల్లకిల పండుకొనవలెను. నొప్పి తగ్గుటకు మోకాలి క్రింద దిండు పెట్టుకొనవలెనని దేహము అడుగును. సరిగా అదియే కూడదు. మోకాలు వంగియున్న స్థితిలో రాత్రులు గడచినచో అది పూర్తిగా చాచుటకు రాకుండ బిగిసిపోవును. మడమ క్రింద దిండు పెట్టవచ్చును. ప్రక్కకు తిరుగుటకు అనుమతి దొరికిన పిమ్మట రెండు మోకాళ్ల నడుమ పెట్టవచ్చును. హాయి దొరకు భంగిమయే నిషిద్ధమైనది. ఆ నిషేధమును నిద్రమత్తులో కూడ పాటింపవలెను. ఇట్టి కావలి కాయుచు నిద్రించుట ఎవరికి సాధ్యము?

పగలు ఓర్చుకొనగలిగిన నొప్పి రాత్రి ఓర్వరానిదగుట భ్రమ కాదు. నడక వలనను, వ్యాయామము వలనను సాయంకాలమునకు మోకాలు వాచును. వాపును అదుపులో ఉంచెడి కార్టిసాల్ అను హార్మోను అర్ధరాత్రి వేళ మిక్కిలి తక్కువగా ఉండును. పగటి మాటలు, పనులు, వచ్చిపోవువారు మనస్సును బయటకు లాగుచుందురు. రాత్రి అది లోపలికి తిరిగి నొప్పినే వినును. మరియొక చిక్కు ఏమనగా, నిద్ర తగ్గినకొలది నొప్పిని తాళెడి శక్తి కూడ తగ్గును. నొప్పి నిద్రను చెరచును. నిద్రలేమి నొప్పిని పెంచును. ఈ రెండును గానుగ కట్టిన ఎద్దుల వలె ఒకే చోట తిరుగుచుండును. గానుగలో నలుగునది మనస్సు.

ఆ నలుగుట బయటకు కనబడదు. రాత్రి రెండు గంటలకు ఆమె లెక్కలు వేయుచుండును. ఓడ ఖర్చు, గది అద్దె, మందులు, వేటకు పోకుండ కొడుకు ఇంట ఉండిన దినములు. తన కాలికింత వ్యయము అవసరమా? రెండవ మోకాలు కూడ నొచ్చుచున్నది. దానికి మరల ఇంతయునా? ఆపైన పాత భయమొకటి లేచును. 2004 డిసెంబరు 26 ఉదయము భూమి అదిరి సముద్రము లోనికి వచ్చిన దినమును ఆ దీవులలో పెద్దవారెవరును మరువలేదు. నాడు ఆమె పిల్లవానిని చంకనెత్తుకొని మిట్ట ఎక్కినది. ఇప్పుడు మరల సముద్రము వచ్చినచో వాకరు పట్టుకొని ఎంత దూరము పోగలదు? పగటివేళ ఈ ప్రశ్న వినినవారు నవ్వుదురు. రాత్రి రెండు గంటలకు ఎవరును నవ్వరు.

ఆ విపత్తు దీవులకు ఒక పాఠము నేర్పినది. నాడు బెంగళూరు నిమ్‌హాన్స్ నుండి మానసిక వైద్యులు వచ్చి సహాయ శిబిరములలో పనిచేసిరి. దుఃఖమును దుఃఖమని చెప్పుకొనుట మనవారిలో తక్కువ. అది నిద్ర పట్టుటలేదనియు, ఒళ్లు నొప్పులనియు, గుండె దడ అనియు బయటకు వచ్చును. నిద్రలేమి మనస్సు మాటలాడెడి భాష అని గ్రహించినచో మోకాలి రోగి మాట కూడ వేరుగా వినబడును. "పట్టనేదే, పిల్లా" అని ఆమె ప్రతి ఉదయము కోడలితో చెప్పునప్పుడు అది కంటి రెప్పలను గూర్చి మాత్రమే చెప్పిన మాట కాదు.

కాని ఆ మాటను లెక్కించువారు తక్కువ. చుట్టములు వచ్చి మోకాలు చూచి "ఎంత వంగుతున్నది?" అని అడుగుదురు. వ్యాయామము చేయించు ఫిజియోథెరపిస్టు డిగ్రీలు కొలుచును. తొంబది వచ్చినదా, నూరు దాటినదా, నిటారుగా చాపగలదా అని చూచుట అవసరమే. అయినను ఆ కొలబద్దకు అందనిది ఒకటి ఆ కాలినే పట్టి వెనుకకు లాగుచుండును. నిద్రలేని ఉదయమున ఆమె వ్యాయామము మాటయెత్తిన ముఖము త్రిప్పుకొనును. "రేపు చేస్తానులే" అనును. రేపటి రాత్రియు నిద్ర ఉండదు. వారము గడచును. గాయము చుట్టు కొత్తగా పెరుగు కండ బిగియును. శస్త్రచికిత్స తరువాత మొదటి మూడు నెలలు మోకాలు దారికి వచ్చెడి కాలము. ఆ గడువులో వంగని మోకాలిని తరువాత వంచుట కష్టము. ఒక్కొక్కప్పుడు మరల మత్తు ఇచ్చి వైద్యుడు బలముగా వంచవలసి వచ్చును. ఇట్లు రాత్రి పోగొట్టుకొనిన నిద్రకు పగలు మోకాలు మూల్యము చెల్లించును. లోహము మంచిది, కోత మంచిది, వైద్యుడు మంచివాడు. అయినను మోకాలు బిగిసినది. దాని కారణము ఎక్స్‌రే పటములో కనబడదు.

ఇంటివారు చేయు మొదటి ఆలోచన నిద్రమాత్ర. ఎవరికో వ్రాసిన మాత్ర పొరుగింట దొరకును. ఇచ్చట మిక్కిలి జాగ్రత్త అవసరము. నొప్పికై ఇచ్చెడి ట్రమడాల్ వంటి మందులతో నిద్రమాత్రలు కలిసినచో శ్వాస మందగించు ప్రమాదము కలదు. నిద్రలో గట్టిగా గురకపెట్టి ఊపిరి ఆగెడి వారికి ఆ ప్రమాదము మరింత ఎక్కువ. వృద్ధులు మాత్ర మత్తులో మూత్రమునకు లేచి తూలి పడుదురు. కొత్త కీలు ఉన్న కాలిపై పడుట సామాన్య ప్రమాదము కాదు. కొందరికి మతి తికమక కలుగును. వైద్యుడు చూచి, కొద్ది దినములకు మాత్రమే వ్రాసిన మందు వేరు. అరువు తెచ్చుకొనిన మాత్ర వేరు. నొప్పి మాత్రను రాత్రి ఏ వేళకు వేసికొనినచో నిద్రకు అనుకూలించునో వైద్యుని అడిగి తెలిసికొనుట, పండుకొనుటకు ముందు గుడ్డ చుట్టిన ఐసు సంచిని కొంతసేపు మోకాలిపై ఉంచుట, ఇవి చిన్నవే అయినను మేలు చేయును.

ఔషధము లేని చికిత్స ఒకటి కలదు. అమెరికాలో రిచర్డ్ బూట్జిన్ 1972లోను, ఆర్థర్ స్పీల్మన్ 1987లోను ప్రకటించిన పద్ధతులు దానికి పునాదులు. మంచము నిద్రకే గాని మెలకువకు కాదని మనస్సునకు మరల నేర్పుట, మంచముపై వృథాగా గడపెడి గంటలను తగ్గించుట, నిద్ర రాకున్న ఏమగునో అను భయమును సడలించుట అందులోని సారము. దీర్ఘకాలపు నిద్రలేమికి మొదట ఈ పద్ధతినే చేపట్టవలెనని 2016లో అమెరికన్ వైద్యుల కళాశాల సూచించినది. కాని ఇది ఆరోగ్యముగా నడచువారికై పుట్టిన పద్ధతి. నిద్ర పట్టనిచో లేచి వేరొక గదికి పొమ్మని అది చెప్పును. వాకరు లేక కదలలేని ఆమె అర్ధరాత్రి ఎచ్చటికి పోగలదు? ఆమె కొరకు దానిని మార్చుకొనవలెను. మంచము ప్రక్కనే చేతులున్న కుర్చీ ఒకటి, చేతికందు చిన్న దీపము, జారని నేల. ఇరువది నిమిషములు గడచినను నిద్ర రానిచో కోడలిని లేపి, కుర్చీలోనికి మారి, కాలు చాచి, తక్కువ వెలుతురులో కూర్చుండి, కన్ను బరువెక్కిన పిమ్మట మరల మంచమెక్కుట. గడియారము కంటికి కనబడకుండ గోడవైపు త్రిప్పిపెట్టుట. ఇవి ఆమెకు సరిపడిన నియమములు.

రాత్రిని దిద్దుట పగటితో ఆరంభింపవలెను. దేహములోని కాలచక్రమునకు ఉదయపు వెలుతురే తాళపుచెవి. పొడవైన రాత్రితో బాధించెడి దీవులు ఇచ్చట ఒక ఉపకారము చేయును. ఐదింటికే వచ్చెడి సూర్యుడు ఆమె వసారాలోనికి రుసుము లేకుండ వచ్చును. మూసిన కిటికీల వెనుక ఎనిమిదింటివరకు పండుకొని రాత్రి లోటును తీర్చుకొనజూచుట సహజమే. కాని ఆ నిద్ర రాబోవు రాత్రినుండి దొంగిలించినదే యగును. తెల్లవారగనే ఆమెను వసారాలో తూర్పుముఖముగా కూర్చుండబెట్టుట, వ్యాయామములను ఉదయమునకు, మధ్యాహ్నమునకు పంచుట, మధ్యాహ్నపు కునుకును అరగంటకు మించనీయకుండుట, సాయంకాలపు టీని మానుట: ఇంతయు చేసిన పిమ్మట కూడ ఒక్క రాత్రిలో ఫలితము కనబడదు. ఒక వారము ఓపిక పట్టినచో మూడు గంటల నిద్ర నాలుగగును. ఆ ఒక గంట విలువ ధనముతో కొలువరానిది.

ఈ నియమములను పాటించునది రోగి ఒక్కతె కాదు. లక్ష్మణుడు అడవిలో కన్నుమూయక కావలి కాయగా, ఇంట ఊర్మిళ పదునాలుగేండ్లు నిద్రించినదని మన స్త్రీల పాట చెప్పును. ఒకరి నిద్రను మరియొకరు మోయుట అను భావన ఆ పాటలో ఎంత లోతుగా ఉన్నదో రోగి ఉన్న ఇంట తెలియును. అచ్చట లెక్క తారుమారగును: అత్త మెలకువను కోడలు మోయును. రాత్రి మూడుసార్లు లేచి, ఉదయము నాలుగింటికి వంట ప్రారంభించి, పిల్లను బడికి పంపి, పగలు వ్యాయామము చేయించు ఆమె నిద్రను ఎవరు అడుగుదురు? రోగికి సేవచేయువారు అలసినచో మాట కరకుదేలును; ఆ కరకుదనమును రోగి తన భారమునకు సాక్ష్యముగా తీసికొనును. వేటలేని రాత్రులలో కొడుకు తల్లి దగ్గర పండుకొని భార్యను నిద్రపోనిచ్చుట గొప్ప త్యాగము కాదు. అది చికిత్సలో ఒక భాగము.

మాటలాడుట మరియొక భాగము. ఒకనాటి వేకువ ఆమె కోడలితో, "అత్తా, నిద్ర పట్టిందా?" అను ప్రశ్నకు బదులుగా, "ఈ కాలు ఎందుకు చేయించుకున్నానే" అని ఏడ్చినదనుకొందురు గాక. "అలా అనకూడదు, అంతా మంచే జరుగుతుంది" అని వెంటనే కన్నీరు తుడుచుట ప్రేమయే. కాని అది మాటను మూసివేయును. ఏడువనిచ్చి, ప్రక్కన కూర్చుండి, సముద్రపు భయమును కూడ పూర్తిగా చెప్పనిచ్చి, "సముద్రం వస్తే మీ అబ్బాయి నిన్ను మోసుకుపోతాడు, నేను పిల్లను తీసుకుంటాను" అని ఏర్పాటు చెప్పినచో అది ఓదార్పు కంటె గట్టిది. భయమునకు బదులు ఏర్పాటు. రాత్రి రెండు గంటలకు ఆ ప్రశ్న మరల వచ్చినను దానికి ఇప్పుడు ఒక సమాధానము ఉండును.

ఇంటివారి మాటకు అందని దిగులు కూడ కలదు. రెండు వారములకు మించి దేనియందును ఆసక్తి లేకుండుట, అన్నము సహింపకుండుట, తాను లేకున్ననే అందరికి మేలని పలుకుట కనబడినచో అది ఓపిక లేకపోవుట కాదు, జబ్బు. దానికి వైద్యుడు కావలెను. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ సేవలో 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులో కూడ మాటలాడవచ్చును. 2020 ఆగస్టులో చెన్నపట్టణమునుండి సముద్ర గర్భమున సుమారు 2,300 కిలోమీటర్ల తంతి దీవులను చేరినది. అంతకు ముందు ఉపగ్రహముపై ఆధారపడి తడబడుచుండిన మాట ఇప్పుడు ముఖము చూచి మాటలాడునంత సులువైనది. కీలు అమర్చిన వైద్యునకు వేయి కిలోమీటర్ల దూరమున ఉన్న రోగికి ఇది అల్పమైన సౌకర్యము కాదు. మోకాలు చూపుటకు ఆ తంతి ఉపయోగపడినట్లే రాత్రిని చెప్పుకొనుటకు కూడ ఉపయోగపడవలెను.

నిద్రలేమికి అన్నిటిని అంటగట్టుటయు పొరపాటే. పిక్క వాచి గట్టిపడి నొచ్చుట, హఠాత్తుగా ఆయాసము లేక గుండెలో నొప్పి, జ్వరము, గాయమునుండి రసి కారుట, తగ్గుచుండిన నొప్పి తిరిగి హెచ్చుట: ఇవి రాత్రివేళ కనబడినను తెల్లవారువరకు ఆగదగినవి కావు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఓర్చుకొనవలసినదేదో, పరుగెత్తవలసినదేదో ముందుగా తెలిసియున్న ఇంట భయము సగము తగ్గును.

నెలలు గడచినకొలది నిద్ర తిరిగివచ్చును. దానితోపాటు మరియొక దుఃఖము మెల్లగా పైకి తేలును. ఆమె మరల నేలమీద గొంతుకూర్చుండరాదు. జన్మమంతయు ఆమెకు నేలయే ఆసనము, అంగడి, వంటిల్లు, పూజాస్థలము. దేవుని ముందు కుర్చీలో కూర్చుండుట అపచారమువలె తోచును. పంక్తిలో అందరును నేలపై కూర్చుండి తినుచుండగా తాను బల్ల దగ్గర ఒంటరిగా తినుట వెలివేసినట్లుండును. ఇది వినుటకు చిన్నది. నిద్రను మింగునంత పెద్దది. ఒక మనుష్యుడు తన చోటును పోగొట్టుకొనినాడని గుర్తించి, మరియొక చోటును గౌరవముతో కల్పించుట ఇచ్చటి చికిత్స. అంగడిలో ఎత్తైన బల్లపై కత్తిపీటను బిగించి, దాని ముందు వీపు ఆనెడి పీఠము వేసినచో ఆమె మరల చేపలు కోయగలదు. పీఠముపై కూర్చుండి బేరమాడిన మొదటి దినపు రాత్రి వచ్చు నిద్రకు మాత్రతో పనియుండదు.

అందరి కథయు ఇంత చక్కగా ముగియదు. మోకాలు మార్పించుకొనినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరు ఫలితముతో పూర్తిగా తృప్తి పొందరని పరిశీలనలు చెప్పుచున్నవి. కొందరిలో నొప్పి నెలలు, సంవత్సరములు నిలుచును. శస్త్రచికిత్సకు ముందే దిగులు, నిద్రలేమి ఉన్నవారికి ఈ ప్రమాదము ఎక్కువ. కావున మోకాలి ఎక్స్‌రే తీయునాడే నిద్రను గూర్చి కూడ అడుగవలెను. కోతకు ముందు నిద్రను కొంత చక్కదిద్దుకొనిన దేహము కోతను మెరుగుగా తాళును. ఈ ప్రశ్నకు యంత్రము అక్కరలేదు, ఖర్చు లేదు.

చరకుడు ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యములను దేహమును నిలిపెడి మూడు ఊతలుగా చెప్పెను. రాత్రి సహజముగా వచ్చెడి నిద్రకు భూతధాత్రి అని పేరిడెను. ప్రాణులను పెంచు దాది అని దాని అర్థము. దాది బిడ్డ పిలిచినంతనే రాకపోవచ్చును. ఇంటి పనులు ముగించుకొని తన వేళకు వచ్చును. రాలేదని బిడ్డను మందలించుట న్యాయము కాదు. గాయపడిన దేహము నిద్రపోలేకపోవుట దాని దోషము కాదు, మనస్సు బలహీనత కాదు, చికిత్స విఫలమైనదనుటకు గుర్తు కాదు. అది మానుటలో ఒక దశ. ఆ దశను రోగి ఒంటరిగా దాటవలసిన పనిలేదు. కట్టు మార్చునప్పుడు గాయమును చూచుట ఎట్లు విధియో, ప్రతి ఉదయము రాత్రిని గూర్చి అడుగుటయు అట్టి విధియే. మోకాలు ఎంత వంగినదని అడుగువారు పదిమంది ఉన్న ఇంట, రాత్రి ఎట్లు గడచినదని అడిగి, బదులు పూర్తియగువరకు కూర్చుండువారు ఒక్కరైన ఉండవలెను.